అరగంట మట్టి వైద్యం

2004 జూన్, మంగళవారం

మా ఆవిడ పోరు పడలేక నడుం నొప్పికి ఏలూరులో ప్రకృతి వైద్యుడి దగ్గరికి వెళ్లాను. నడుం మీద నల్లమట్టి మెత్తి, అరగంట కదలొద్దన్నారు.

"ఎక్కడి మట్టండీ ఇది?"

"కొల్లేరుదేనండి" అన్నారు గర్వంగా.

ముప్పై ఏళ్లుగా కొల్లేట్లో మా చేపల చెరువులో ఆ మట్టి తొక్కే కదా ఈ నొప్పి తెచ్చుకున్నాను! అయినా లేచేసరికి సగం తగ్గింది.

ఇంటికొచ్చి చెప్తే, "మన చెరువు మట్టేగా, నేనే రాస్తాను. రాయించుకుని వెళ్లి చేపలకి మేత వేసి రండి" అంది ఆవిడ.

నన్ను అరగంట కదలకుండా పడుకోనిచ్చిందెవరు ఇన్నేళ్లలో? "అది వేరే మట్టే, మన దగ్గర దొరకదు. రేపు కూడా అక్కడికే వెళ్లాలి" అనేశాను.

ఆవిడ తన నడుం పట్టుకుని, "అయితే రేపు నేనూ వస్తానండి" అంది.

మరి చేపలకి మేత ఎవరు వేస్తారో...