చప్పుడు లేని జీపు

జహీరాబాద్,
12-9-1998

నన్ను చేతుల మీద పెంచిన ఎల్లమ్మక్కకు తమ్ముడు రామచంద్రం దండాలు.

ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఓంకార్ బావ తాగి చనిపోలేదు. బావను చంపింది నేను వేసిన సైలెన్సర్.

రామ్మోహనరావు సారు జీపు నీకు తెలుసు కదా, మిలిటరీ వేలంలో కొన్నది, నాకంటే వయసులో పెద్దది. మాదాపూర్‌లో కొత్త రోడ్లకు కొలతలు తీయడానికి సారు దాంట్లోనే తిరిగేవాడు. కొలత సామాను పట్టుకుని బావ వెనక సీట్లో కూర్చునేవాడు. జూలైలో దాని సైలెన్సర్ తుప్పుపట్టి ఊడిపోతే నా మెకానిక్ షెడ్డుకు తెచ్చాడు. "ఆఫీసర్ల ముందు పరువు పోతోందయ్యా. రేపు పొద్దున్నకల్లా ఆ చప్పుడు ఆగాలి, ఏం చేస్తావో చెయ్యి" అన్నాడు సారు. రాణిగంజ్‌లో బండి సామాన్ల దుకాణాలన్నీ కాళ్లరిగేలా తిరిగాను. ఆ పాత మోడల్‌కు సైలెన్సర్ డబ్బా దొరికింది గానీ, పొగను బండి వెనక్కి తీసుకుపోయే పైపు దొరకలేదు. "గా బండి సామాన్ ఇప్పుడేడ దొరుకుతది భాయ్? తుక్కుల ఏరుకోవాలె" అన్నారు. తుక్కులో వెతికితే ఇంకో రోజు పట్టేది. మన దగ్గర సైలెన్సర్ బాగుచేయమంటే చప్పుడు ఆపమనే కదా! డబ్బా ఒక్కటే బిగించాను. చప్పుడు ఆగింది, సారు భుజం తట్టాడు. పొగను మాత్రం బావ కూర్చునే సీటు కిందే వదులుతోంది. ఆ సీటు కింది రేకుకు చిల్లులున్నాయని నాకు తెలుసు. వారంలో పైపు వేద్దాంలే అనుకున్నాను.

నాలుగో రోజు జోరు వాన. సారు సైటు షెడ్డులోకి పోతూ, బ్యాటరీ వీకుగా ఉంది, ఇంజన్ ఆపొద్దని చెప్పి పోయాడట. సామాను తడవకుండా బావ చుట్టూ టార్పాలిన్ దించి కట్టుకుని లోపలే కూర్చున్నాడు. గంటన్నర.

వాళ్లు టార్పాలిన్ విప్పి చూసేసరికి మొహం ఎర్రగా ఉంది, చొక్కా నిండా వాంతి. "మస్తు తాగిండు" అన్నారు. నీ తల మీద ఒట్టేసి ఏడాది కిందటే మానేశాడని నువ్వు గుండెలు బాదుకుంటే ఒక్కరూ నమ్మలేదు. కబురు విని ఉరికొచ్చిన నేను బండి కిందకు వంగి చూశాను. ఆ విషపు పొగంతా రేకు చిల్లుల్లోంచి టార్పాలిన్ లోపలికే చేరిందని అర్థమైంది. లేచి, "తాగే ఉంటడు" అన్నాను. ఛీ, ఏం బతుకు నాది! ఆ వారమే ఊరు వదిలాను.

తిట్టు, శాపం పెట్టు, నీ ఇష్టం అక్కా.

నీ పాపిష్టి తమ్ముడు,
రామచంద్రం


మాదాపూర్,
19-9-1998

మామయ్యకు,

నీ ఉత్తరం రాగానే అమ్మ చేతులు తుడుచుకుని నా ముందు కూర్చుంది. "సదువు బిడ్డా, తమ్ముడేం రాసిండో" అంది. అమ్మకు చదువు రాదని, నీ ఉత్తరాలన్నీ చదివేది నేనేనని మరిచిపోయావా? నాన్నను ఎవరు చంపారో నా చేత చదివించావు.

'దండాలు' దాకా పైకి చదివి, కింది వాక్యాలు కంటపడగానే ఆగాను. "ఏందే, ఆగినవ్?" అంది. "మామకు పని దొరికిందట, నిన్ను ఫికర్ చేయొద్దన్నడు" అని నోటికొచ్చింది చదివాను. "నా తమ్ముడొక్కడే నన్ను యాది చేస్తడు" అని అమ్మ ఏడ్చింది. నీ మీద ప్రేమతో ఏడ్చింది మామయ్యా! నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంకో సంగతి విను. నీ మాట నేను కూడా నమ్మాను. బడిలో అందరూ నవ్వుతుంటే తట్టుకోలేక, ఆ తాగుబోతు పేరు నా ముందు ఎత్తొద్దని అమ్మ మీద అరిచాను. రెండు నెలలుగా అమ్మ నా ముందు నాన్న పేరు తీయడం లేదు. ఇప్పుడు ఆమె కాళ్లు పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే ఎందుకని అడుగుతుంది.

వచ్చే ఆదివారం దాకా చూస్తాను. వచ్చి, అమ్మకూ బస్తీ వాళ్లకూ నీ నోటితో చెప్పు. రాకపోతే నేనే చదువుతాను, ఒక్క అక్షరం వదలకుండా. కానీ చదువుతుంటే అమ్మ నా మొహమే చూస్తుంది. ఆ చూపు పడాల్సింది నీ మీద మామయ్యా, నా మీద కాదు.

ఓంకార్ కూతురు,
హర్షిణి