నాలుగో వార్డుకు ఒక్క సంతకం

కొమురక్కకు నీ తోటికోడలు రాసేది.

గోడ అవుతల ఉన్నదానికి ఉత్తరమేందని తిట్టుకోకు. రెండేండ్ల సంది నాతోని మాట్లాడుతలేవు, అందుకే నీ బిడ్డ శ్వేతతోని పంపుతున్న.

మన నాలుగో వార్డు ఈసారి ఆడోళ్లకు వచ్చింది. నేను మెంబరుకు నిలబడుతున్న. నీ మరిదికి చెప్తే ముందు నవ్విండు, తెల్లారి తనే పోయి ఫారం తెచ్చిండు.

ఈమెను నేను నిలబెడుతున్ననని మన వార్డు ఓటరు ఒకరు సంతకం పెట్టాలె. పాత మెంబరు కోడలు గూడ నిలబడ్డది గదా, వాళ్లకు భయపడి అడిగినోళ్లంత రేపు మాపు అంటున్నరు. ఎల్లుండి సాయంత్రమే ఆఖరు.

మొదట నిన్నే అడగాలనుకున్న. మొఖం చెల్లలే. మా మోరి నీళ్లు నీ వాకిట్లకు వస్తున్నయని నువ్వన్ననాడు, "పోయి పంచాయతీల చెప్పుకో" అన్న. గది నా తప్పే. నువ్వు నిజంగనే నాలుగుసార్లు పోయి చెప్పినవట, ఒక్కరూ వచ్చి చూడలేదట. శ్వేత చెప్పినంక నాకు నిద్ర పట్టలే. పైన పదిండ్ల నీళ్లు గా మోరిలకే వస్తయక్కా, నేనొక్కదాన్ని తవ్వితే ఒడిసేది కాదు.

ఫారం ఇందులనే పెట్టిన. ఓటు నీ ఇష్టం. సంతకం పెట్టబుద్ధి కాకుంటే మాత్రం ఉత్త కాగితం పంపకు, నువ్వే వచ్చి నాలుగు మాటలని పో.

గెలిస్తే మొదటి ఫిర్యాదు నీదే కావాలె. పంచాయతీల చెప్పుకొమ్మన్నది నేను. వినుడు గూడ నేనే వినాలె.

నీ చెల్లె