గుండె పట్టీ మోగితే పరిగెత్తుకు రాకు

అమ్మాయీ,

పాలు కాచి మూత పెట్టాను. బాల్కనీలో బట్టలు ఆరిపోయాయి, తీసెయ్యి. నేను పక్కింటి కంపౌండరు బండెక్కి ఆసుపత్రికి వెళ్తున్నాను.

ఆసుపత్రి వాళ్లు నా ఛాతీకి కట్టిన పట్టీ నీ ఫోన్లో కుయ్యోమంటే ఆఫీసు వదిలి రాకు. మొన్న అలాగే హెల్మెట్ కూడా తియ్యకుండా ఇంట్లోకి దూసుకొచ్చావు. తీరా చూస్తే నేను క్యారమ్స్‌లో ఎర్రకాయ కొడుతున్నాను. క్యాన్సర్ నొప్పిని గుండె వేగంతో కొలుస్తారట, సరే. ఎర్రకాయ సంగతి దానికేం తెలుసు?

నిన్న మధ్యాహ్నం అది మోగినప్పుడు మాత్రం ఆట లేదు, నొప్పే. "మావయ్యా, ఇప్పుడెవరితో ఆడుతున్నారు?" అని నువ్వు ఫోన్ చేస్తే నవ్వి తప్పించుకున్నాను. నువ్వు నవ్వలేదు. సాయంత్రం వచ్చి నా వీపు కింద దిండు సర్దావు.

అందుకే వెళ్తున్నాను. పదికి ఎంత నొప్పి అని డాక్టరు అడిగినప్పుడల్లా రెండనేవాణ్ణి. ఇవాళ ఎనిమిదని చెప్పి మందు పెంచమంటాను.

మావయ్య

మీ ఆయనకి మాత్రం నాలుగని చెప్పు. నా కొడుకు సంగతి నాకు తెలుసు. ఎనిమిదంటే వాణ్ణి కూడా మనిద్దరమే ఆసుపత్రికి మోసుకెళ్లాలి.