లాంప్ రూం లైన్

కాకా,

నువ్వు పోయిన రెండేండ్లకు, ఇయ్యాల నా పీహెచ్‌డీ ఆఖరి పరీక్ష అయింది. సెల్‌ఫోన్ తెరల ఉండే ద్రవం మీద నా లెక్కలు. అండ్ల సన్న పుల్లలసొంటి అణువులు అన్నీ ఒక్క దిక్కే ఎట్ల నిలవడ్తయి, మలిపితే ఎట్ల ఎన్కకు గుంజుతయి అని.

ఒకపారి గిదే చెప్తే, బొగ్గుబాయి డ్యూటీ దిగొచ్చి చాయ్ తాగుకుంట నువ్వన్నవు: "మా లాంప్ రూం లైన్ లెక్కనే బిడ్డా. కిటికి కాడున్నోడు టోపి లైటు తీస్కునేతందుకు దాని దిక్కు మొత్తం తిరుగుతడు. ఎన్కోడు కొంచెం. వాని ఎన్కోడు ఇంకింత తక్వ. చివరోడు కదలనే కదలడు." దోస్తుల ముందట నేను నవ్విన. "కాకా, గిది బొగ్గుబాయి గాదు" అన్న. మల్ల నువ్వెన్నడూ నా చదువు ముచ్చట అడుగలే.

ఇయ్యాల పరీక్ష పెట్టే సారు సమీకరణాలు లేకుంట చెప్పమన్నడు. బోర్డు మీద కిటికి గీసి, నీ లైనే గీసిన. లాంప్ రూం అని మాత్రం అనలే.

"మంచి పోలిక. ఎక్కడిది?" అన్నడు.

నోట్లకెల్లి నీ పేరు రాలే కాకా. "ఏదో పుస్తకంలది సార్" అన్న.

ఆ పుస్తకం పేరు రాసియ్యమని తెల్లకాయితం ఇచ్చిండు. దాని మీదనే నీకు గిది రాస్తున్న.