కిటికీ తెరిచి పలకండి

ప్రియమైన నాన్నగారికి,

తిర్సా నమస్కరించి రాసేది. ఇక్కడ హైఫాలో మేమంతా కులాసా. అక్కడ సఫెద్‌లో మీరూ, మీ వణికే కుడిచెయ్యీ కులాసాగా ఉన్నారనుకుంటాను.

శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగిస్తున్నావా అని అడిగారు. వెలిగిస్తున్నాను. దేవుణ్ణి నమ్మనిదానివి ఎందుకని మాత్రం అడక్కండి. మీ అల్లుడి దగ్గు తగ్గింది. మీరు పంపిన ఎండు అంజీరాలు మీ మనవరాలు ఒక్కతే ఖాళీ చేసింది.

తమ్ముడు నఫ్తాలి వచ్చి వెళ్ళాడు. మీరు రాస్తున్న తోరా, మన ధర్మశాస్త్రపు తోలుచుట్ట, పూర్తి కావచ్చిందనీ, ఆ చేత్తో ఇక వేరేది రాయలేరనీ చెప్పాడు. చివరి అక్షరాలకు అంచులు మాత్రం గీసి ఉంచుతారు కదా, చుట్ట పూర్తయిన పండుగనాడు అయినవాళ్ళు తలొకటీ సిరాతో నింపడానికి. అందులో ఒకటి నాకు ఉంచుతానన్నారట మీరు. కుదరదన్నారట మీ గురువుగారు. ఆడది, పైగా తోరాని రాసింది ఒక్క మోషే ప్రవక్తే కాదని ఊరూరా వాదించే ఆడది!

“అక్కా, ప్రార్థనామందిరంలో ఆడవాళ్ళ తెర వెనక నిలబడు. ఒక్కపూట నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?” అన్నాడు వాడు.

“ఆ తెర కట్టమని మోషేకి దేవుడు ఏ కొండమీద చెప్పాడ్రా?”

“ఇదిగో, మొదలెట్టావు!” అంటూ కాఫీ కూడా తాగకుండా లేచాడు.

మొదలెడతాను నాన్నా. జలప్రళయం కథలో జంతువుల్ని ఒకచోట రెండేసి ఎక్కించమన్నారు, ఇంకోచోట పవిత్రమైనవాటిని ఏడేసి అన్నారు. ఒకే చెయ్యి రాస్తే ఇలా ఉంటుందా? తరతరాలుగా ఎన్నో చేతులు రాశాయి, కలిపాయి, కుట్టాయి. మీ గురువుగారి భయం మోషే గురించి కాదు. రాసినవి మనుషుల చేతులే అయితే, తెర కట్టినవీ మనుషుల చేతులే. కట్టినదాన్ని విప్పొచ్చు. అదీ అసలు భయం!

చిన్నప్పుడు మిమ్మల్ని అడిగాను, “మోషే చచ్చిపోయాడని చివర్లో ఉంది కదా, చచ్చిపోయినవాడు అదెలా రాశాడు నాన్నా?” అని.

“ఆ ఎనిమిది వాక్యాలూ మోషే శిష్యుడు యెహోషువ రాశాడంటారు కొందరు పెద్దలు. దేవుడు చెబుతుంటే మోషేనే కన్నీళ్ళతో రాశాడంటారు ఇంకొందరు. నీకేది కావాలో తీసుకోవే, పిచ్చితల్లీ” అన్నారు మీరు.

నేను మొదటిది తీసుకున్నాను. అప్పటినుంచీ అదే నా పెద్ద ఆయుధం. రెండో చెయ్యి ఉందని మీ పెద్దలే ఒప్పుకున్నప్పుడు, మూడోది ఉందంటే నేరమా?

ఎవరికీ చెప్పనిది ఒకటి చెబుతాను. పోయిన నెల సభలో ఆ ఎనిమిది వాక్యాలు చదవబోయి పుస్తకం మూసేశాను. వాదం మరిచిపోయి కాదు. మీ గొంతు వినపడింది. ప్రతి మాటనూ పైకి పలికాకే రాయాలి కదా మీరు. గోడ అవతల ఆ పలుకు వింటూనే నేను పెరిగాను. నా వాదంలో అణువంత కూడా మార్పు లేదు. కానీ కన్నీళ్ళతో రాశాడన్న మాటే ఇప్పుడు నిజమనిపిస్తోంది. వాగ్దానం చేసిన నేలను కొండమీంచి చూపించి, దేవుడు లోపలికి మాత్రం రానివ్వకపోతే ఆ మనిషి ఇంకెలా రాస్తాడు?

పండుగకి రాను. తెర వెనక నిలబడను. నా అక్షరం ఎవరి చేతైనా నింపించండి. కానీ ఆ ఆఖరి ఎనిమిది వాక్యాలు మీరు రాసే రోజు ఎప్పుడో నఫ్తాలితో చెప్పి పంపండి. మీ మేడ కింద, ఆలివ్ కాయలమ్మే కొట్టు ముందు నిలబడతాను. వీధికి తెర ఉండదు కదా.

ఆ పూట కిటికీ తెరిచి, కాస్త గట్టిగా పలకండి నాన్నా.

ఇట్లు,
వీధిలోంచి వినబోయే మీ మొండి కూతురు,
తిర్సా