రస్కు డబ్బా మీది పాప

అమ్మా దివ్యా,

తార్నాకలో మా బేకరీ మూతపడి చాలా ఏళ్లయింది. ఆ రస్కు డబ్బా మీది పాప లోగోను క్యాంపస్ పిల్లల టీషర్టుల మీద వేసుకుంటామని, పాత బొమ్మల అందమే వేరని రాశావు. ఒకవైపే జడ ఉండటం భలే స్టైల్‌గా ఉందన్నావు.

అది స్టైల్ కాదమ్మా. ఆ పాప మా అక్క రాజమణి. నాన్న ఆమెను కూర్చోబెట్టి పెయింటర్‌తో గీయించాడు. రెండో జడ వేయించుకునే ఓపిక లేక అక్క అలాగే కూర్చుంది. డబ్బాలు తయారై వచ్చేసరికి అక్క మెదడువాపు జ్వరంతో పోయింది. నాన్న ఆ బొమ్మను ఎప్పుడూ మార్చనివ్వలేదు. అమ్మ మళ్లీ బేకరీ మెట్లెక్కలేదు.

అందుకే వద్దని రాద్దామనుకున్నాను. కానీ నిన్న ధైర్యం చేసి నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను.

"ఎవరెవరు తొడుక్కుంటరంట?" అని అడిగింది.

"హాస్టల్ పిల్లలంతా" అన్నాను.

"తొడుక్కోనియ్యి బిడ్డా. అది బడి మొఖం చూడకుండనే పోయింది. గిట్లన్న కాలేజంత తిరుగుతది."

కాబట్టి వేసుకోండి తల్లీ.

ఇట్లు,
రాజమణి తమ్ముడు