నువ్వు అన్న ‘చాలు’

బాపూ,

నేనే. నువ్వు పోయి మొన్నటికి నాలుగు నెలలైంది. ఈరోజు మన గల్లీకి కరెంటు సెలవు, బట్ట నేసే సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. మనం బతకొచ్చిన ఈ గుజరాతీ పేట, బమ్రోలి, ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఏదోలా ఉంది... చివరి ఏళ్లలో నీకు రోజూ ఇట్లాగే ఉండేదా?

అమ్మ బాగుంది. మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది. నీ టిఫిన్ డబ్బా ఇప్పుడు నేను పనికి, ఖటోదరాకు పట్టుకుపోతున్నాను. పప్పు కారి సంచంతా పసుపు. ఆ మూత సంగతి తెలిసీ ఇన్నేళ్లు ఎట్లా మోశావు?

అసలు సంగతికి వస్తాను. నువ్వు పోయాక నీ మీద ఒక మాట పడింది. అబద్ధం ఆడావని. ఆ మాట అన్నది అమ్మ. అనడానికి కారణం నేను.

పోయిన నెల అమ్మ, నేను బ్యాంకుకు పోయి మీ ఇద్దరి ఖాతా పుస్తకంలో లెక్కలు అచ్చు వేయించాం. ప్రతి నెలా ఒక ఆప్‌కు డబ్బు కట్ అవుతూ ఉంది. నువ్వు పోయిన తర్వాత కూడా. పేరు చూడగానే గుర్తుపట్టాను... పోయిన ఏడాది నీ ఫోన్లోంచి నేను తీసిపారేసిన ఆప్ అది.

ఆ పూట నీకు గుర్తుందా? అన్నం ముందు కూర్చొని కూలి రేట్ల గురించి నేను చెబుతున్నాను. నువ్వేమో ఫోన్లోకి చూస్తున్నావు. నా ఒళ్లు మండిపోయింది. ఫోను గుంజుకున్నాను. ఏదో ఇంగ్లీషు పేరున్న ఆప్, నెలనెలా డబ్బు తీసుకుంటుందట. అదేం చేస్తుందో కూడా చూడలేదు. నీలాంటి వాళ్ల అమాయకత్వం మీదే కంపెనీలు బతుకుతున్నాయని అరిచి, దాన్ని తీసేసి, ఫోను నీ ఒళ్లో పడేశాను. నువ్వు పచ్చడి అడిగావు, అంతే.

వారం తర్వాత అమ్మ ముందే అడిగాను, ఆ ఆప్ బంద్ అయినట్టేనా అని. నువ్వు నా మొహంలోకి చూసి, “చాలు రా,” అన్నావు. సరే, నీకు బుద్ధి వచ్చింది అనుకున్నాను. అవును బాపూ, అట్లాగే అనుకున్నాను.

అందుకే పుస్తకం చూసి అమ్మ, “చాలు అన్నడు గదరా మనతోని... మరి గిదేంది?” అంది. ఆమెకు పోయిన డబ్బు కాదు బాధ. నువ్వు తాగుడు మానేసిన రోజు ఆమె చెయ్యి పట్టుకొని, “ఇగ నీ దగ్గర ఏదీ దాయ, సూడు,” అన్నావట. పదకొండేళ్లు నిలబెట్టుకున్న మాట... చివర్లో ఒక ఆప్ కోసం తప్పావా అని. ఆ రాత్రి నుంచి నీ పేరు తీయడం మానేసింది. పోయిన మనిషి మీద అలిగితే ఎవరు తీరుస్తారు చెప్పు?

నాకు మాత్రం దొంగ ఎవరో తెలుసు. కంపెనీ. ఆప్ తీసేసినా డబ్బు లాగుతున్నారంటే దోపిడీ కాక ఏమిటి? నా దగ్గరున్న యూనియన్ కరపత్రాల్లోంచి నాలుగు వాక్యాలు ఏరుకొని ఫిర్యాదు రాసుకున్నాను. “నిరక్షరాస్యుడైన ఒక ముసలి కార్మికుణ్ని వంచించి...” అని మొదలు. దాన్ని పట్టుకొని బ్యాంకుకు పోయాను.

అక్కడ కౌంటర్ వెనక ఉన్నది మనవాడే, కోస్తా వైపు మనిషి. నేను హిందీలో అరుస్తుంటే తెలుగులో, “కూర్చో తమ్ముడూ, ముందు మంచినీళ్లు తాగు. అరిస్తే సర్వరు భయపడదు,” అన్నాడు. నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. ఆయన నా ఫిర్యాదు మొత్తం చదివి ఒక్కటే అడిగాడు. ఆప్ తీసేశావు సరే, రద్దు చేశావా?

రెండూ ఒకటి కావట బాపూ. ఫోన్లోంచి తీసేస్తే బొమ్మ మాత్రమే పోతుంది. నెలనెలా కడతామని మనం ఇచ్చిన ఒప్పుకోలు అట్లాగే ఉంటుంది. అది ఆప్‌లో కూడా ఉండదు. ఆప్‌లు దించుకునే అంగడి ఉంటుంది కదా ఫోన్లో, అందులో నీ పేరు మీద ఉన్న ఖాతాలో, చందాల జాబితాలో ఉంటుంది. అక్కడికి పోయి రద్దు అని నొక్కాలి.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఇదే మాట నాకు పదేళ్లప్పుడు నువ్వు చెప్పావు, సాంచె దగ్గర నిలబెట్టి. “సాంచె బంద్ చెయ్యకుంట బట్ట కోసుకపోతే ఏమైతదిరా? అది నేస్తనే ఉంటది. నీకు కనవడదంతె.” బట్ట కోసుకొని విప్లవం చేశాననుకున్నది నేనే...

మర్నాడు నీ ఫోను చార్జింగు పెట్టి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని ఆ జాబితా తెరిచాను. నీది సెకండ్ హ్యాండ్ ఫోను కదా, భాష గుజరాతీలోనే ఉంది. ఆప్ పేరు కింద ఒకే ఒక్క పదం. కూడబలుక్కుని పైకి చదివాను.

“చాలు.”

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

గుజరాతీలో చాలూ అంటే నడుస్తున్నది అని. సాంచె మీద మీట దగ్గర రాసుండేదీ అదే. పనిలో నువ్వు రోజుకు వందసార్లు అనే మాట... ‘చాలూ ఉన్నదా’, ‘చాలూ చెయ్’. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే అదే మాటకు ఇక వడ్డించకు అని అర్థం. ఇన్నేళ్లు ఈ రెంటి మధ్యా బతికినవాళ్లం, ఆ రోజు నేను అన్నం దగ్గరి చాలు విన్నాను. నువ్వు సాంచె దగ్గరి చాలూ అన్నావు.

అన్నావా? లేక సాంచాల హోరుకు మొద్దుబారిన నీ చెవులకు నా ప్రశ్నే వినబడలేదా? తెలిసే, రెండూ కలిసొచ్చేటట్టు అని లోపల నవ్వుకున్నావా? ఎవర్ని అడగాలి...

గల్లీ చివర ఫోన్ల దుకాణం అతన్ని అడిగాను. నేను ఆప్ తీసేసిన మర్నాడే నువ్వు అతని దగ్గరికి పోయావట. అతను మళ్లీ వేసిచ్చి, “చాచా, మళ్లీ పైసలు కట్టే పని లేదు, చాలూ హై,” అన్నాడట. నువ్వు అతనికి చాయ్ తాగించావట. అంటే నువ్వు మాతో అన్నది అతను నీకు చెప్పిన మాటే. ఉన్నది ఉన్నట్టు చెప్పావు. తప్పుగా విన్నది నీ చెవి కాదు బాపూ.

అయినా అది ఏం ఆప్ అని ఇంత పట్టుదల? నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోను నిండిపోయిందని నేనే పేర్లు చూసుకోకుండా ఏవేవో తీసేశాను, అందులో అదీ పోయింది. మళ్లీ వేశాను. నీ ఖాతాతోనే తెరుచుకుంది. తెరవగానే, “మాట్లాడండి, రాసి చూపిస్తాను,” అని తెలుగులో వచ్చింది.

ఎదుటివాళ్ల మాటల్ని అక్షరాలుగా రాసి చూపించే ఆప్ అది. వినబడనివాళ్ల కోసం.

చెవుల డాక్టరు దగ్గరికి పోదామంటే ఎప్పుడూ నవ్వేసేవాడివి. “సాంచె ముంగట నిలవడెటోనికి చెవులు కిరాయికిచ్చినట్టే బిడ్డా. గవి మల్ల వాపసు రావు.” వాపసు రావని నువ్వు ఊరుకున్నావనుకున్నాను. నువ్వు ఊరుకోలేదు. ఎవరికీ చెప్పకుండా ఇంకో దారి చూసుకున్నావు.

లోపల నువ్వు దాచుకున్న పేజీలున్నాయి. తెరిచాను. అన్నీ నా మాటలే. అన్నం దగ్గర నేను నీ మీద అరిచిన అరుపులన్నీ వరుసగా, తప్పుల తడకగా. నేను ‘శ్రమ దోపిడీ’ అన్నచోటల్లా అది ‘శ్రమ దోసె పిండి’ అని రాసింది. ఒకచోట, “ఈ దోసె పిండి అంతం కావాలి,” అని ఉంది. అమ్మకు చదివి వినిపిస్తే కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. నువ్వు పోయాక మొదటిసారి నవ్వింది బాపూ.

అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మంలో నన్ను చూడగానే నువ్వు, “ఏంరా లీడర్, ఇయ్యాల దోసెపిండి ఎంత రుబ్బినవ్?” అనేవాడివి. నన్ను ఎగతాళి చేస్తున్నావని రెండు రోజులు మాట్లాడలేదు నీతో. చెవులు వినబడక అట్లా అంటున్నావనీ అనుకున్నాను. వినబడక కాదు... చదివి అన్నావు.

ఫోన్లోకి చూస్తున్నావని కదా గుంజుకున్నాను. నువ్వు చూస్తున్నది నన్నే. ఆ తర్వాత నా ముందు ఫోను తీయడం మానేసి, ఆప్ నడుస్తూ ఉండగానే పైజేబులో పెట్టుకొని కూర్చునేవాడివి. తిన్నాక మెట్ల మీదికి పోయి గంటసేపు దాంట్లోనే తల పెట్టేవాడివి. వీడియోలకు అలవాటు పడ్డాడు ముసలాయన అని దోస్తులకు చెప్పాను.

ఆ పేజీల్లో నీ మాటలూ ఉన్నాయి. మైకుకు దగ్గరగా ఉన్నావు కాబట్టి ఒక్క తప్పూ లేదు. నా మాటలు పదిహేను వరసలుంటే నీది ఒకటి. ప్రతిచోటా అదే. “జర మెల్లగ చెప్పు.” “జర మెల్లగ చెప్పురా.” నా ఆలోచన నీకు అందడం లేదు, అందుకే అంటున్నావని విసుక్కునేవాణ్ని. అందనిది ఆలోచన కాదు. నా వేగం ఆ అక్షరాలకు అందేది కాదు...

రద్దు అదే పూట చేశాను. దాంతో ఇంకో సంగతి తెలిసింది. రద్దు చేస్తే ఆప్ అప్పుడే ఆగదు, డబ్బు కట్టిన గడువు ముగిసేదాకా నడుస్తుంది. నూలు చుట్టిన బీము మీద ఉన్న పోగు అయిపోయేదాకా నేస్తాం కదా, అట్లాగే. కొత్త బీము ఎక్కదు, అంతే. కట్టిన డబ్బు వాపసు వేరే. దాన్ని మనం విడిగా అడగాలి. ఇస్తే ఆప్ అప్పటికప్పుడే మూసుకుంటుంది, దాచిన పేజీలతో సహా. ముందు వాపసు నొక్కి ఉంటే ఏమయ్యేది? అన్ని పేజీలూ దించుకొని అచ్చు తీయించాకే అడిగాను.

అడగాలంటే కారణం చెప్పాలి. వాళ్లే మూడు కారణాలు రాసి పెట్టారు, ఒకటి ఎంచుకోవాలి. పొరపాటున కొన్నాను. నాకు తెలియకుండా ఇంకెవరో కొన్నారు. కొన్నాను కానీ వాడలేదు. దుకాణం అతను మొదటిది నొక్కమన్నాడు, తొందరగా వస్తుందట.

నొక్కలేకపోయాను. నువ్వు కొన్నది పొరపాటా? వాడలేదా?

నా ఫిర్యాదు కాగితం చింపేశాను. నిరక్షరాస్యుడు అని రాశాను నిన్ను, వాక్యం బరువుగా ఉంటుందని. ఐదో తరగతి దాకా చదివి, నా మాటల్ని అక్షరం అక్షరం చదువుకున్నవాడివి. కరపత్రాల్లో కార్మికుడు అని వంద చోట్ల చదివాను, ఇంట్లో ఉన్న ఒక్క కార్మికుణ్నీ నేను చదవలేదు.

కింద ఇంకేదైనా అని ఖాళీ గడి ఉంటే అందులో రాశాను. “దీన్ని వాడిన మనిషి మా నాన్న. ఆయన బతికున్న నెలలకు కట్టింది మాకు వద్దు, ఆయన వాడుకున్నాడు. ఆయన పోయిన తర్వాత కట్ అయింది ఇవ్వండి.” మూడు రోజులకు జవాబు వచ్చింది. చివరి నెలది తిరిగి ఇచ్చారు. అంతకు ముందువి గడువు దాటాయి, కుదరదన్నారు. చచ్చిపోయిన మనిషికి గడువేమిటని కోపం వచ్చింది, ఎందుకు దాచాలి. కానీ మళ్లీ రాశాను, మెల్లగా, మరణ పత్రం జత చేసి. చూడాలి. ఇవ్వకపోయినా అడగడం మానను, నీ కొడుకును కదా.

అమ్మ మళ్లీ నీ పేరు తీస్తోంది. నిన్న పక్కింటావిడతో, “మా ఆయన అబద్ధమాడిండంటే నేనే నమ్మిన సూడు, ముందు నా చెవులకు గావాలె ఆ మిషిను,” అంటోంది. నీకు కోపం లేదు కదా ఆమె మీద?

పోయిన ఆదివారం సాంచాల గేటు ముందు మాట్లాడాను. ఎదురుగా నీ వయసు వాళ్లే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడ్డారు. వాళ్లూ వినబడకపోయినా తలలూపుతున్నారు... నీలాగే. వాళ్ల జేబుల్లో ఏ ఆపూ లేదు. మైకు పక్కన పెట్టేసి, దగ్గరికి పోయి, నా పెదాలు వాళ్లకు కనబడేటట్టు నిలబడి, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాను. సగమే చెప్పగలిగాను. ఒక పెద్దాయన వచ్చి, మొదటిసారి అర్థమైందిరా అని భుజం తట్టాడు. నువ్వు తట్టినట్టే ఉంది.

ఇక మీదట మెల్లగానే చెబుతాను బాపూ. మాట ఇస్తున్నాను. కోపం వస్తే మాత్రం... అప్పుడు కూడా.

కరెంటు వచ్చింది. సాంచాలు మొదలయ్యాయి. ఉత్తరం ఇక చాలు.

ఇది ఏ చాలో నీ ఇష్టం.

నీ లీడర్